ఫిలిప్పీన్స్ వంటాయనకి వచ్చిన ఇంగ్లీషు జపాన్ ఇంజనీరుకి ఎందుకు రాలేదు?

ప్రశ్న: మాస్టారండీ, నమస్తే. మాది గాజువాక. పోర్టుకొచ్చే ఓడలకి కూరగాయలు, బియ్యం, గుడ్లు సప్లై చేసే ఆఫీసులో మూడేళ్ళుగా చేస్తున్నా. సామాన్లతో ఓడెక్కి, లెక్క అప్పజెప్పి, కాగితం మీద సంతకం పెట్టించుకుని దిగడం నా డ్యూటీ. నాకో డౌటు చాన్నాళ్ళ నుంచి ఉండిపోయింది. ఓడల్లో వంట చేసే ఫిలిప్పీన్స్ ఆయన ఇంగ్లీషు గడగడా మాట్లాడేస్తాడు, మధ్యలో నవ్విస్తాడు కూడా. మొన్న ఇంజన్ చూడ్డానికి జపాన్ నుంచి ఒక పెద్ద ఇంజనీరు వచ్చారు, అందరూ ఆయన ముందు చేతులు కట్టుకునే నిలబడ్డారు, కానీ తాగడానికి నీళ్ళు కావాలని చెప్పడానికి ఆయన కాగితం మీద గ్లాసు బొమ్మ గీశారు. హాలండ్ కెప్టెన్ ఒకాయన మాట్లాడితే టీవీలో వార్తలు చదివినట్టే ఉంటాది. నేను పదో క్లాసు దాకా తెలుగు మీడియం, తర్వాత బీకాం, ఇన్నేళ్ళు ఇంగ్లీషు సబ్జెక్టు చదివీ మనసులో వాక్యం కట్టుకునేలోపు ఎదుటాయన వెళ్ళిపోతున్నాడు. ఇది బుర్రని బట్టి వస్తుందా, పుట్టిన దేశాన్ని బట్టా?
(పేరు వద్దన్నారు, గాజువాక)

జవాబు: బాబూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా నాన్న ఇదే పోర్టులో కళాసీగా చేశారు, అందుకని ఆ ఓడ మెట్లూ ఆ సంతకాల కంగారూ నాకు కళ్ళకి కట్టినట్టు కనబడ్డాయి.

ముందు బుర్ర సంగతి తేల్చేద్దాం. 2008లో ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చిన ముగ్గురిలో తోషిహిదే మస్కావా అని జపాన్ ఆయన ఒకరు. నాకు ఇంగ్లీషు మాట్లాడ్డం రాదండీ అని చెప్పి, నోబెల్ ఉపన్యాసం మొత్తం జపనీస్‌లోనే ఇచ్చారు. ఆ ప్రయాణం దాకా ఆయనకి పాస్‌పోర్టే లేదు, దేశం దాటి వెళ్ళాల్సిన పనే పడలేదు. సృష్టిలో అతి చిన్న కణాల లెక్క తేల్చిన మనిషికి ఇంగ్లీషు రాలేదంటే, దాన్ని బుర్రతో కొలవడం ఎంత తప్పో చూడు. నీ ఓడలో గ్లాసు బొమ్మ గీసినాయనదీ అదే కథ. ఆయనకి రాలేదు అనడం కంటే, ఆయన బతుక్కి అవసరం పడలేదు అనడం కరెక్టు.

ఎందుకు పడలేదంటే, జపాన్‌ని ఏ తెల్లదొరా వందేళ్ళు పాలించలేదు. 1868లో మెయిజీ ప్రభుత్వం వచ్చాక వాళ్ళు యూరప్ చదువులన్నీ కావాలనుకున్నారు, మొదట్లో విదేశీ మాస్టర్లని పెద్ద జీతాలిచ్చి తెచ్చుకున్నారు, ఇంగ్లీషులోనూ జర్మన్‌లోనూ పాఠాలు విన్నారు, కానీ అక్కడితో ఆగలేదు, కూర్చుని పుస్తకాలన్నీ జపనీస్‌లోకి దించుకున్నారు, లేని మాటలు కొత్తగా కట్టుకున్నారు. ఫిలాసఫీకి నిషి అమానే అనే పండితుడు ‘తెత్సుగాకు’ అని మాట కడితే చివరికి చైనా వాళ్ళు కూడా అదే మాట తీసుకుని వాడుకుంటున్నారు. అందుకని ఈ రోజుకీ అక్కడ డాక్టరు చదువు, ఇంజనీరింగు, కోర్టు, ఆఫీసు అన్నీ వాళ్ళ భాషలోనే నడుస్తాయి. ఇంగ్లీషు అక్కడ పరీక్ష సబ్జెక్టుగా మిగిలిపోయింది, వ్యాకరణం చదవడం, అనువాదం రాయడం, మార్కులు తెచ్చుకోవడం, నోటికి పని లేదు. ప్రైమరీ బడుల్లో ఐదో క్లాసు నుంచి దాన్ని అసలు సిసలు సబ్జెక్టుగా పెట్టిందే 2020లో.

ఇప్పుడు ఫిలిప్పీన్స్‌కి వద్దాం. మూడొందల ఏళ్ళకి పైగా స్పెయిన్ కింద ఉన్న దేశం 1898లో అమెరికా చేతికి పోయింది. 1901లో థామస్ అనే ఓడ మనీలాలో ఆగింది, అందులోంచి సుమారు 500 మంది అమెరికన్ టీచర్లు దిగారు. ఇక్కడే గమనించాల్సింది ఉంది. వాళ్ళు కాలేజీల్లో కూర్చోలేదు, పల్లెలకి పోయి చిన్నపిల్లల బడుల్లో చెప్పారు, మొదటి క్లాసు నుంచే ఇంగ్లీషు. 1946లో స్వతంత్రం వచ్చింది గానీ ఇంగ్లీషు పోలేదు, 1987 రాజ్యాంగంలో కూడా ఫిలిపినోతో పాటు అధికార భాషగా ఉంది. ఇంకోటేమిటంటే అది దీవుల దేశం, ఒక దీవి మాట ఇంకో దీవికి తెలీదు, వందకి పైగా భాషలు. దాని మీద ఓడల్లో, ఆసుపత్రుల్లో, పరాయి దేశాల్లో ఉద్యోగాలు. నీ ఓడ వంటాయనకి ఇంగ్లీషు రాకపోతే ఊళ్ళో ఇల్లు గడవదు, అమ్మకి డబ్బు పంపలేడు. అంత అవసరం వెనక నిలబడితే ఎవరి నోరైనా తిరుగుతుంది.

మరి మనల్నీ ఇంగ్లీషు వాళ్ళే పాలించారు కదా అంటావు. పాలించారు, కానీ మనకి ఇంగ్లీషు పైనించి కిందికి దిగింది. 1835లో మెకాలే రాసిన కాగితంలోనే ఉంది, జనం అందరికీ చదువు చెప్పడం మా వల్ల కాదు, మాకూ జనానికీ మధ్య నిలబడే కొంతమందిని తయారు చేద్దాం అని. ఆ కొంతమంది ప్లీడర్లు, గుమస్తాలు, కలెక్టరాఫీసు ఉద్యోగులు. మనకి వచ్చిన ఇంగ్లీషు అర్జీలు రాసే ఇంగ్లీషు, ఫైలు మీద నోటు పెట్టే ఇంగ్లీషు. ఇప్పటికీ మన పరీక్షలు అలాగే ఉన్నాయి, నువ్వు బీకాంలో ఇంగ్లీషు పేపరు పాసయ్యావు కానీ ఆ మూడేళ్ళలో నోరు తెరిచి ఇంగ్లీషులో పట్టుమని పది నిమిషాలు మాట్లాడమని నిన్నెవరైనా అడిగారా? 2011 జనాభా లెక్కల్లో ఇంగ్లీషు వచ్చని చెప్పినవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి పదిమంది ప్రాంతమే తేలారు. నువ్వు ఒంటరివాడివేమీ కాదు బాబూ.

ఇక హాలండ్ కెప్టెన్. ఎప్పుడైనా ఆదివారం భీమిలి వెళ్ళినప్పుడు డచ్చివాళ్ళ పాత సమాధులు చూసే ఉంటావు. పదిహేడో శతాబ్దంలో వ్యాపారానికి వచ్చి అక్కడ కోట కట్టుకున్నారు, 1825లో ఊరు ఇంగ్లీషు వాళ్ళకి అప్పజెప్పి వెళ్ళిపోయారు. ఆ డచ్ భాషకీ ఇంగ్లీషుకీ ఉన్నది అక్కచెల్లెళ్ళ వరస. ‘అదేంటి’ అనడానికి ఇంగ్లీషులో వాట్ ఈజ్ దట్ అంటాం, డచ్‌లో ‘వాట్ ఇస్ డాట్’ అంటారు. పుస్తకాన్ని ‘బుక్’ అనే అంటారు. సగం దూరం పుట్టుకతోనే నడిచేశారు వాళ్ళు. మనకి ఆ దూరం ఎంతో చెప్పడానికి నీ వాక్యమే తీసుకుందాం, ‘నేను పోర్టులో పనిచేస్తున్నాను’. దీన్ని ఇంగ్లీషు వరసలో పెడితే ‘నేను చేస్తున్నాను పని లో పోర్టు’ అవుతుంది. మాటకి వెనకుండే ‘లో’ ముందుకి రావాలి, చివర ఉండే క్రియ మధ్యకి రావాలి, ఆపైన మన భాషలో లేనే లేని ‘ఏ’, ‘ద’ అనేవి ఎక్కడ తగిలించాలో చూసుకోవాలి. నువ్వు మనసులో వాక్యం కట్టుకుంటున్నా అన్నావే, ఆ కట్టుకోవడం ఇదే, అది మందబుద్ధి కాదు, నిజంగా పడుతున్న చాకిరీ. అమెరికా ప్రభుత్వం తన దౌత్య ఉద్యోగులకి భాషలు నేర్పిస్తుంది కదా, వాళ్ళ లెక్కలో ఇంగ్లీషు మనిషికి డచ్ నేర్పడానికి ఆరేడు నెలలు చాలు, తెలుగుకి 44 వారాలు, జపనీస్‌కి 88 వారాలు. అటు నుంచి ఇటు ఎంత దూరమో ఇటు నుంచి అటూ దాదాపు అంతే.

అయితే దూరం ఒక్కటే కారణం అంటే నేనొప్పుకోను, ఎందుకంటే ఫిన్లాండ్ ఉంది. వాళ్ళ భాషకి ఇంగ్లీషుతో ఏ చుట్టరికమూ లేదు, మన తెలుగులాగే మాట చివర ముక్కలు తగిలించుకుంటూ పోయే భాష, అయినా అక్కడి కుర్రాళ్ళు ఇంగ్లీషు హాయిగా మాట్లాడతారు. ఎలా? ఒకటి, వాళ్ళు 55 లక్షల మందే, బయట ప్రపంచంతో పనుంటే తమ భాషతో కుదరదు. రెండోది టీవీ. ఫిన్లాండ్, స్వీడన్, హాలండ్, పోర్చుగల్ లాంటి చోట్ల ఇంగ్లీషు సినిమా వస్తే కింద తమ భాషలో అక్షరాలు వేసి మాటల్ని మాత్రం అలాగే వదిలేస్తారు, పిల్లాడు పుట్టిన దగ్గర్నుంచి ఆ శబ్దం చెవిలో పడుతూనే ఉంటుంది. స్పెయిన్, ఇటలీ, ఫ్రాన్స్, జర్మనీల్లో గొంతు మార్చి డబ్బింగ్ చేస్తారు. స్పెయిన్‌లో నియంత ఫ్రాంకో సర్కారు 1941లో పరాయి భాషల సినిమాలు స్పానిష్‌లోకి డబ్బింగ్ చేసి తీరాలని ఆర్డరే వేసింది, ఆర్డరు పోయినా అలవాటు పోలేదు, పక్కనే ఉన్న పోర్చుగల్ వాళ్ళు ఇంగ్లీషులో వీళ్ళకంటే ముందుండటానికి ఇదొక కారణమని చాలామంది చెప్తారు. జర్మనీ వాళ్ళు డబ్బింగ్ చూస్తూ కూడా బానే మాట్లాడతారు, వాళ్ళకి భాషల చుట్టరికం కలిసొచ్చింది. మనం జగదాంబ దగ్గర హాల్లో చూసే హాలీవుడ్ బొమ్మ కూడా ఇప్పుడు ఎక్కువగా తెలుగు డబ్బింగే కదా.

ఏటా దేశాల వారీగా ఇంగ్లీషు ర్యాంకులని పేపర్లో వస్తాయి, హాలండ్ పైన, జపాన్ ఎక్కడో కింద. అది ఆన్‌లైన్‌లో తమంతట తాము పరీక్ష రాసినవాళ్ళ లెక్క, దేశం మొత్తం లెక్క కాదు. ఆ ర్యాంకు చూసి ఏ దేశాన్నీ తక్కువ చెయ్యొద్దు, మనదాన్నీ చెయ్యొద్దు.

ప్రశ్న: అండీ, మా పాప రెండో తరగతి. ఇంట్లో కూడా తెలుగు మాట్లాడొద్దు, ఇంగ్లీషే మాట్లాడండి అని స్కూల్లో చెప్పారు. మా అత్తగారికి ఇంగ్లీషు రాదు, ఆవిడ పాపతో మాట్లాడ్డమే తగ్గించేశారు, పక్క గదిలో కూర్చుంటున్నారు. నాకు ప్రాణం ఒప్పట్లేదు, పోనీ పాప భవిష్యత్తు పాడవుతుందేమో అని భయం.
(ఒక తల్లి, ఎంవీపీ కాలనీ)

జవాబు: అమ్మా, ఈ రోజు సాయంత్రమే అత్తగారిని ఈ గదిలోకి పిలవండి, పాపని ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టి కథ చెప్పమనండి, తెలుగులో. ఇది నేను ఊరికే ఆవేశంతో అనట్లేదు.

పైన చెప్పిన హాలండ్‌లో, ప్రపంచంలోకెల్లా బాగా ఇంగ్లీషు మాట్లాడే పరాయివాళ్ళుగా పేరున్న దేశంలో, పిల్లలు లెక్కలూ సైన్సూ చదివేది చాలావరకు డచ్‌లో. ఇంగ్లీషు ఒక సబ్జెక్టు, ప్రైమరీ స్కూలు ఆఖరి రెండేళ్ళలో తప్పనిసరి చేశారు, అంటే పిల్లకి పదేళ్ళు వచ్చాక. ఫిన్లాండ్‌లో ఫిన్నిష్‌లోనో స్వీడిష్‌లోనో చదువుతారు. ఇంట్లో అమ్మమ్మతో అమ్మమ్మ భాషే. మీడియం ఇంగ్లీషైతేనే ఇంగ్లీషు వస్తుందనే మాట నిజమైతే ఈ రెండు దేశాలూ వెనకబడి ఉండాలి.

ఇంగ్లీషు మీడియం పెట్టి తిప్పలు పడ్డ దేశాలూ ఉన్నాయి. మలేసియాలో 2003 నుంచి లెక్కలు, సైన్సు ఇంగ్లీషులో చెప్పించారు, 2012 నుంచి మెల్లిగా వెనక్కి తీసుకున్నారు, పల్లెటూరి పిల్లలకి పాఠమే అర్థం కావట్లేదని గోల. రువాండాలో 2008లో ఫ్రెంచి తీసేసి ఇంగ్లీషు పెట్టారు, తీరా చూస్తే చాలామంది టీచర్లకే ఆ భాష సరిగా రాదు. సింగపూర్‌లో మాత్రం నిలబడింది, 1987 నుంచి అన్ని బడుల్లోనూ ఇంగ్లీషే మొదటి భాష, కానీ అక్కడ చైనీస్, మలయ్, తమిళ కుటుంబాలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి బయట కూడా అదే భాష, ఆఫీసులోనూ బజార్లోనూ అదే, పైగా పిల్లల అమ్మ భాషని కూడా బడిలో తప్పనిసరిగా చదివిస్తారు. ఇవన్నీ ఉంటేనే అది పనిచేసింది, బోర్డు మీద ఇంగ్లీషు మీడియం అని రాస్తే పనిచెయ్యలేదు.

అలాగని స్కూలు మార్చెయ్యమని చెప్పను. ఎనిమిది కోట్ల మంది మాట్లాడే తెలుగులో ఇవాళ మెడిసిన్ చదివే దారి లేదు, మూడు కోట్ల మంది కూడా లేని డచ్‌లో ఉంది. ఇది మన పెద్దలు చెయ్యకుండా వదిలేసిన పని, నాకు చాలా బాధగా ఉండే విషయం, కానీ దాని శిక్ష మీ పాప మీద వెయ్యలేం కదా. కూలి చేసుకునే తండ్రి కూడా పస్తులుండి పిల్లని ఇంగ్లీషు మీడియంలో వేస్తున్నాడంటే ఆయన ఆశలో తప్పు లేదు, నేనెప్పుడూ ఆయన్ని తప్పు పట్టను. పాప బడిలో ఇంగ్లీషు చదవనివ్వండి, ఇంట్లో తెలుగు పొంగిపొర్లనివ్వండి. మన ప్రభుత్వ బడుల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ అదే పాఠం ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు ఇచ్చారు, అవి ఎక్కడైనా దొరికితే ఒకటి తెచ్చి ఉంచుకోండి. ముందు తెలుగు పేజీ నానమ్మ చదివి చెప్తుంది, తర్వాత ఎదురు పేజీ పాప చదివి నానమ్మకి చెప్తుంది. టీవీలో కార్టూన్ తెలుగు డబ్బింగ్‌కి బదులు రోజుకో అరగంట ఇంగ్లీషు గొంతుతో పెట్టండి, అర్థం కాకపోయినా ఫర్లేదు. మీకు వచ్చీ రాని ఇంగ్లీషుని పాపతో బలవంతంగా మాట్లాడితే ఆ పిల్లకి మీ నుంచి రెండు వందల మాటలే దొరుకుతాయి, తెలుగులో మాట్లాడితే వేలకొద్దీ మాటలు, వాటితో పాటు వావివరసలు, ఎందుకు ఏమిటి అని అడగడం, అలిగితే బుజ్జగించడం అన్నీ దొరుకుతాయి. ఆ ఆలోచన మీదే రేపు ఇంగ్లీషు కూర్చుంటుంది.

ప్రశ్న: సార్, మాది శ్రీకాకుళం దగ్గర పల్లె, మద్దిలపాలెంలో హాస్టల్లో ఉండి చదువుతున్నా. నేను బస్సు, హోటలు, టేబులు అని సాగదీస్తానని క్లాసులో నవ్వుతున్నారు. సెమినార్ అంటే జ్వరం వస్తోంది. యాస పోవాలంటే ఏం చెయ్యాలి?
(డిగ్రీ విద్యార్థిని)

జవాబు: తల్లీ, తెలుగు మాట అచ్చుతో ముగియాలని కోరుకుంటుంది, అందుకే బస్ మనకి బస్సు అవుతుంది, రోడ్ రోడ్డు అవుతుంది. జపాన్ వాళ్ళ భాషదీ ఇదే స్వభావం, వాళ్ళు ‘బసు’ అంటారు, ‘హోతెరు’ అంటారు, ‘తేబురు’ అంటారు, గట్టిగా చదివి చూడు, మన చుట్టాలు మాట్లాడినట్టు లేదూ. హిందీ ప్రాంతంలో చాలామంది ‘ఇస్కూల్’ అంటే స్పెయిన్ వాళ్ళు ‘ఎస్కూల్’ అంటారు, వాళ్ళకి మాట మొదట్లో ‘స్క’, ‘స్ట’ లాంటి ‘స్’తో మొదలయ్యే జంట హల్లులు పడవు. ప్రతివాడూ ఇంగ్లీషుని తన అమ్మ భాష గొంతుతోనే పలుకుతాడు. క్లాసులో నవ్వేవాళ్ళకీ ఒక యాస ఉంది, వాళ్ళ చెవికి వినబడదంతే.

నవ్వుతారన్న భయమే అసలు రోగం. దేశాల మధ్య తేడాలో కూడా దీనికి పెద్ద పాలుంది, తప్పు మాట్లాడితే పరువు పోతుందనుకునే చోట పదేళ్ళు చదివినవాళ్ళు కూడా నోరు విప్పరు. మా నాన్న చదివింది మూడో క్లాసు. క్రేను దగ్గర కళాసీలు ‘ఆరియా’ అంటే దించు, ‘హాబీస్’ అంటే ఎత్తు, ఈ రెండు మాటలతో టన్నుల బరువు నడిపించేవాళ్ళు, అందులో ఆరియా పోర్చుగీసు వాళ్ళ నుంచి వచ్చిన మాట, పలుకుబడి సరిగ్గా ఉందా అని ఎవరూ అడగలేదు, మాట అందకపోతే కిందున్న మనిషి చచ్చిపోతాడు కాబట్టి గట్టిగా స్పష్టంగా అరిచేవాళ్ళు. యాస తీసెయ్యాలని చూడకు, స్పష్టంగా, నెమ్మదిగా, గట్టిగా చెప్పడం మీద పెట్టు నీ కష్టం.

సముద్రం మీద పెద్దవాళ్ళు కూడా ఇదే తేల్చారు. ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా, అన్ని దేశాల నావికులకీ అర్థమయ్యేలా అంతర్జాతీయ నౌకా సంస్థ 2001లో ఒక ఇంగ్లీషు వాక్యాల పుస్తకం ఆమోదించింది. అందులో పదిహేను చెప్పాలంటే ఫిఫ్టీన్ అనరు, ‘వన్ ఫైవ్’ అంటారు, ఫిఫ్టీ అని వినబడే ప్రమాదం ఉంది కాబట్టి. అడిగేది ప్రశ్న అయితే ముందు ‘క్వశ్చన్’ అని, చెప్పేది హెచ్చరిక అయితే ముందు ‘వార్నింగ్’ అని చెప్పి అప్పుడు విషయం చెప్తారు. వినబడకపోతే సిగ్గుపడక్కర్లేదు, ‘సే ఎగైన్’ అంటారు, అవతలివాడు మళ్ళీ చెప్తాడు. ఫిలిప్పీన్స్ వాడూ, జపాన్ వాడూ, హాలండ్ కెప్టెనూ అందరూ అవే మాటలు వాడాలి.

గాజువాక బాబూ, ఇది నీకు కూడా. రేపు ఓడెక్కినప్పుడు నువ్వు రోజూ అప్పజెప్పే లెక్కనే పది వాక్యాలుగా రాసుకుని జేబులో పెట్టుకో, బియ్యం ఎన్ని బస్తాలు, గుడ్లు ఎన్ని ట్రేలు, ఏది తగ్గింది, సంతకం ఎక్కడ, అంతే, ఇంట్లో గట్టిగా చదివి వెళ్ళు. ఆ వంటాయన నవ్వించే మనిషన్నావు కదా, లెక్క అయ్యాక ఆయన్ని వాళ్ళ ఊళ్ళో అన్నంలోకి ఏం తింటారో అడుగు. అర్థం కాకపోతే సే ఎగైన్ అను. నెల తర్వాత ఏమైందో నాకు రాయి, ఇద్దరూ రాయండి.